అయ్య చేసిన గడ్డిబొమ్మ

మా అమ్మ నన్ను తవుడుకి కొనుక్కుంది. ఎగతాళికి చెప్పడం లేదు. నాకు ముందు పుట్టిన ముగ్గురు మగపిల్లలూ పురిటిలోనే పోయారు. నేను పుట్టగానే చేటలో పడుకోబెట్టి పక్కింటి జగ్గమ్మ చేతిలో పెట్టేశారు. తరవాత చారెడు తవుడు ఆవిడకిచ్చి మళ్ళీ తెచ్చుకున్నారు. కన్న బిడ్డ కాదు, కొన్న బిడ్డ అంటే చావు ఆ గుమ్మం తొక్కదని మా వైపు నమ్మకం. అందుకే మా ఊళ్ళలో వీధికో తవిటయ్య, ఇంటికో తవిటమ్మ కనిపిస్తారు.

అమ్మకి అది చాలదనిపించింది. పోయినవాళ్ళందరూ మగపిల్లలే కాబట్టి, మగపిల్లాడని తెలియకపోతే నన్ను ఎవరూ పట్టుకుపోరని ముక్కు కుట్టించింది, పరికిణీ కట్టింది, తవిటమ్మ అని పిలిచింది. ఊరి అమ్మవారికి సంబరం జరిగిన నాడు జుట్టిచ్చి, పంచె కట్టించి, కొడుకుని కొడుకుగా ఇంటికి తెచ్చుకుంటానని మొక్కుకుంది. కాని అమ్మవారి ఘటం ముందు ఏ వీధిలోంచి లేవాలని పై వీధికీ కింద వీధికీ తగువొచ్చి, తలలు పగిలి, బొబ్బిలి కోర్టుకెక్కి, సంబరం ఏళ్ళ తరబడి ఆగిపోయింది. పెద్దమనుషుల పంతాల పుణ్యమా అని నాకు పదిహేనో ఏడొచ్చేదాకా నా జడ జోలికి ఎవరూ రాలేదు.

పరికిణీ కట్టడం వల్లే నేనిలా అయ్యానని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. వాళ్ళ తెలివికి దణ్ణం పెట్టాలి. మా వీధిలోనే చినబాబు అనేవాడికీ అలాంటి మొక్కే ఉండేది. వాడు ఐదేళ్ళు నిండకుండానే పరికిణీ చింపి పారేసి, గోచీతో గేదెలెక్కి తిరిగాడు. వాడికి అవి ఎవరో కట్టిన బట్టలు. నాకు నా బట్టలు. ఊహ తెలిసిన దగ్గరనుంచీ నేను ఆడపిల్లనే. అందులో నాకు ఒక్కనాడూ అనుమానం లేదు, అనుమానమంతా ఊరిదే.

జగ్గమ్మ భర్త పోయిన మనిషి. ఊళ్ళో వరి ఊడ్చే, అంటే నాట్లు వేసే ఆడవాళ్ళ గుంపుకి ఆవిడే పెద్ద. ఆవిడ పక్కన నిలబడి ఊడుపు నేర్చుకున్నాను. మా అయ్య జగన్నాధం మాత్రం నన్ను "ఇదిగో" అని తప్ప పిలిచేవాడు కాదు. కొడుకా అంటే మొక్కు చెడుతుంది, కూతురా అనడానికి నోరు రాదు. అయినా కంచం దగ్గర మంచి చేపముక్క నాకే వేసేవాడు. తను పోతే కొరివి పెట్టడానికి ఒకడు మిగిలాడని ఆయన ధైర్యం. మొక్కు తీరే రోజు కోసం నోరు కట్టుకుని కూర్చున్నాడు.

అరవై ఎనిమిది వేసవిలో ఆ రోజు వచ్చింది. కొండల మీద గొడవలని పోలీసు జీపులు మా రోడ్డు వెంట దుమ్ము రేపుతున్న రోజులవి. ఊళ్ళోకి ఎక్కడ దిగుతారో అని భయపడి రెండు వీధులవాళ్ళూ రాజీకొచ్చారు. వైశాఖంలో సంబరమని చాటింపు వేశారు. అయ్య అదే వారం బొబ్బిలి సంతకెళ్ళి పంచె, చొక్కా కొనుక్కొచ్చాడు.

"ఒరే, ఇలా రా. ఒంటికి సరిపోతాదో నేదో సూద్దాం," అన్నాడు.

నేను వాకిట్లో కూర్చుని జడ అల్లుకుంటున్నాను. లేవలేదు. "నాకొద్దయ్యా," అన్నాను.

అయ్య అమ్మవైపు చూసి నవ్వాడు. ఆయన అలా పళ్ళు కనిపించేలా నవ్వగా నేను చూడలేదు. "కొత్త గుడ్డ వొద్దంతన్నాడేటే ఈడు? ఒరే, మొక్కు తీరిపోతాది. ఇంకేటీ బయం నేదు. నలుగురిలో మగోడిలాగ తిరుగుదువుగాని."

"నాను మగోడ్ని కాదు."

"మరేటివి?"

"నీ కూతుర్ని."

ఆ నవ్వు మొహం మీద ఉండగానే చెయ్యి చూరులోకి పోయింది. చెర్నాకోల తీశాడు. ఎడ్ల వీపు మీద కూడా అయ్య దాన్ని తాకించేవాడు కాదు, గాలిలో చప్పుడు చేసి అదిలించేవాడు. ఆ రోజు దాని కొస ముడి నా పిక్కల్లో, వీపులో, మెడ మీద దిగింది. తోలు చిట్లిన చప్పుడు నాకే వినిపించింది. అమ్మ లక్ష్మణమ్మ పరుగెత్తుకొచ్చి మధ్యలో పడి ఒక దెబ్బ తన మోచేతి మీద కాసుకుంది. "సిన్నతనం, ఏదో వాగినాడు, ఒగ్గీ," అని ఆయన కాళ్ళు పట్టుకుంది.

తరవాత నా వీపు కడుగుతూ అమ్మ మెల్లిగా అంది. "అమ్మోరి మొక్కు తల్లీ. ఒక్కసారికి గొరిగించీసుకో. జుట్టు మళ్ళీ వస్తాది."

"జుట్టొస్తాది. నన్ను మళ్ళీ రానిస్తారేటమ్మా?" అని అడిగాను. అమ్మ గుడ్డ పిండి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

సంబరం నాడు పొద్దున్నే మా మావ జోగయ్య దిగాడు. అమ్మకి అన్న. కూతురు తాయారుని నాకివ్వాలని నేను పుట్టినప్పుడే అనుకున్న మనిషి, కాబట్టి నన్ను మగాణ్ణి చెయ్యడంలో అయ్య కంటే ఆయనకే తొందర. నేను పారిపోతానని ముందే పసిగట్టి, నా రెక్క పట్టుకుని అమ్మవారి గుడిదాకా లాక్కెళ్ళాడు. గుడిముందు పోతుల్ని నరుకుతున్నారు. ఇసకంతా తడిసి కాళ్ళకి అంటుకుంటోంది. డప్పులు చెవులు పగలగొడుతున్నాయి.

మంగలి దాలయ్య కత్తి నూరుకుని కూర్చున్నాడు. నేను కూర్చోనన్నాను. మావ వెనకనుంచి మోకాలు నా నడుములో గుద్ది కింద పడేసి, వీపు మీద కూర్చున్నాడు. అయ్య నా తల రెండు చేతుల్తో అదిమి పట్టాడు. దాలయ్య ఒక్క కోతలో జడ మొదలంటా కోసేశాడు. అప్పుడు నేనరిచిన అరుపు నాదేనా అని ఇప్పటికీ అనుకుంటాను. మావ చెయ్యి దొరికితే కండ ఊడేలా కొరికాను. ఆయన బాధతో లేచిపోయాడు. నేను కత్తి తగిలిన నెత్తినుంచి రక్తం కారుతుండగా, చేతికందిన ఇసక మొహాల మీద జల్లుతూ, గుండ్రంగా తిరుగుతూ అరిచాను.

అప్పుడు జరిగింది మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా జరగదు. "అమ్మోరు పూనినాది! జరగండి, జరగండి!" అని ఎవరో కేక వేశారు. అంతే, డప్పుల దరువు మారిపోయింది. జనం విరగబడి కాళ్ళ మీద పడ్డారు. బిందెలతో పసుపునీళ్ళు నా మీద గుమ్మరించారు. అంతవరకూ చోద్యం చూస్తూ కూర్చున్న ఊరిపెద్ద నరసింగరావు కండువా నడుముకి చుట్టుకుని చేతులు జోడించాడు.

"ఏటి తప్పు సేసినాం తల్లీ? ఏటి కావాల? సెప్పు తల్లీ," అన్నాడు.

అమ్మ వేపరెమ్మతో విసురుతున్నట్టు నా పక్కకి చేరి చెవిలో గబగబా చెప్పింది. "అమ్మోరినని సెప్పీయే. ఈ పిల్ల నాది, దీని జోలికి రావొద్దని సెప్పీ. ఇంకెవుడూ నిన్ను ముట్టుకోడు. సెప్పీ తల్లీ!"

మా అమ్మ ఎంత తెలివిగలదో ఆ రోజే చూశాను. ఆ ఒక్కమాట అని ఉంటే బతుకంతా పసుపు చీర కట్టుకుని, ఊరిచేత దణ్ణాలు పెట్టించుకుని, కాలు మీద కాలేసుకుని ఉండేదాన్ని. ఎందుకు అనలేదని నన్ను చాలామంది అడిగారు. కోపం. పదిహేనేళ్ళు మగపిల్లాడు ఆడవేషం కట్టాడనుకున్నారు. ఇప్పుడు అమ్మవారు నా వేషం కట్టిందంటున్నారు. నేనంటూ ఒకర్తిని ఇక్కడ ఉన్నానని ఒక్కరికీ తట్టదేం అని కడుపు మండిపోయింది.

"అమ్మోరు కాదు, ఎవులూ కాదు. నాను తవిటమ్మని," అన్నాను. "ఆడదాన్ని. నా జడ నాకిచ్చీండి."

డప్పులు ఆగిపోయాయి. కాళ్ళ మీద పడ్డవాళ్ళు ఒక్కొక్కరే లేచి మోకాళ్ళకంటిన ఇసక దులుపుకున్నారు. వెనకనుంచి ఎవడో "ఓరి, పేడిగాడురా జగన్నాధం కొడుకు!" అని కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు అంటుకుని గుడి చుట్టూ తిరిగింది. నరసింగరావు తను జోడించిన చేతులకేసి ఒకసారి చూసుకుని నా మొహాన ఉమ్మేశాడు.

అయ్య నవ్వినవాణ్ణి ఏమీ అనలేదు. నా దగ్గరికొచ్చి కాలితో నోటి మీద తన్నాడు. ముందు పన్ను విరిగి నాలిక మీద పడింది. పడిపోయినా ఆపలేదు. డొక్కలో, మెడ మీద, చేతుల మీద తన్నాడు. నన్ను మళ్ళీ తొక్కిపట్టి మిగిలిన జుట్టు గొరిగించారు. కత్తి జారి దాలయ్య నాలుగైదు చోట్ల కోశాడు. ఆయన ఒక్కడే "కదలకమ్మా, కోసుకుపోతాది," అన్నాడు. అమ్మా అన్నాడు. అంత నెత్తురులోనూ నాకది వినిపించింది.

పంచె కట్టారు. కట్టి దున్నడానికి తోలారు. జ్యేష్ఠమంతా అయ్య ముందు నాగలి, నేను వెనక నాగలి. ఆయన మాట్లాడేవాడు కాదు. ఊరిజనం గట్ల మీద నిలబడి ఈలలు వేసేవాళ్ళు. ఈల వినిపించినప్పుడల్లా అయ్య ముల్లుగర్ర నా వీపులో గుచ్చేవాడు, ఈల వేసినవాడి వీపులో గుచ్చలేక. గుండు మీద జుట్టు జడకి పెరిగేలోగా పెళ్ళి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయని మావ, అయ్య కలిసి శ్రావణంలో ముహూర్తం పెట్టించారు. తాయారు మంచి పిల్ల. పాపం దాని గొంతు కోసే పనికి నేనెలా ఒప్పుకుంటాను?

ఆషాఢంలో తొలి ఊడుపులు మొదలైన రోజు నేను నాగలి వదిలేశాను. ఇంటికొచ్చి అమ్మ చీర చుట్టుకున్నాను, గుండు మీద కొంగు కప్పుకున్నాను. నరసింగరావు మడిలో జగ్గమ్మ గుంపు ఊడుస్తుంటే వెళ్ళి గట్టు మీద నిలబడ్డాను. ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. జగ్గమ్మ చూసి, మా వైపు ఆకు అనే వరినారు కట్ట ఒకటి నా కాళ్ళ దగ్గరికి విసిరింది.

"సూస్తావేటే? బేగి దిగు. వాన ఆగదు," అంది.

ఆ బురదలో కాలు పెట్టినప్పుడు కలిగిన సుఖం ఇంకెప్పుడూ కలగలేదు. మడి సగం కూడా అవకుండానే మావ వచ్చాడు. ఆషాఢమని కూడా చూడకుండా తాంబూలాలు పుచ్చుకోవడానికి మా ఇంటికి వస్తూ దారిలో నన్ను చూశాడు. పళ్ళెం గట్టు మీద పెట్టి మడిలోకి దిగి, చీర పట్టుకుని ఈడ్చుకుపోయాడు. అడ్డొచ్చిన జగ్గమ్మని గుండెల మీద గుద్ది బురదలో పడేశాడు. దారి పొడవునా మొహం రాళ్ళకి కొట్టుకుంటూ నేను వీధిలోంచి ఇంటికి చేరాను.

మా వైపు పిల్లలకి రోగమొస్తే వాతలు పెడతారు. నాదీ రోగమేనన్నాడు మావ. కొడవలి పొయ్యిలో పెట్టి ఎర్రగా కాల్చాడు. నన్ను నట్టింటి రాటకి కట్టేశాడు. అమ్మని వంటింట్లోకి తోసి గొళ్ళెం పెట్టాడు. అయ్య అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"సెప్పు. ఆడా, మగా?"

"ఆడ."

భుజం మీద పెట్టాడు. నా తోలు కమురుకంపు నాకే కొట్టింది.

"ఇప్పుడు సెప్పు."

"ఆడ."

రెండో భుజం. తరవాత పిక్కలు. తరవాత అరికాళ్ళు. ఆయన అడగడం, నేను అనడం. ధైర్యంతో అనలేదు, నిజం చెబుతున్నాను. అప్పటికి నాకు వేరే మాట గుర్తుకూడా రాలేదు. లోపల అమ్మ తలుపుకేసి తల బాదుకుంటూ, మనిషి గొంతు కాని గొంతుతో ఏడుస్తోంది. కొడవలి చల్లారితే మావ మళ్ళీ కాల్చుకొచ్చి, ఈసారి నాలిక చాపమన్నాడు.

అప్పుడు అయ్య లేచి లోపలికొచ్చాడు. మావ చేతిలోంచి కొడవలి తీసుకున్నాడు. దాన్ని నా మెడ దగ్గరికి తెచ్చాడు. మెడ మీద వేడి తగిలింది. ఆయన కళ్ళలోకి చూశాను.

"కోసీ అయ్యా," అన్నాను. "నీ సేత్తో పోతాను. మావని ముట్టుకోనియ్యకు."

ఆయన కొడవలి కుడితి కుండలో పడేశాడు. అది చుయ్యిమంది. తలుపు గొళ్ళెం తీసి, ఎవరినీ చూడకుండా పెరట్లోకి వెళ్ళి గడ్డివాములోంచి గడ్డి లాగడం మొదలుపెట్టాడు. ఎడ్లకి మేత వేస్తున్నాడనుకున్నాం.

అమ్మ నా కట్లు విప్పుతుంటే అయ్య అరుగు మీద కూర్చుని గడ్డి పేనుతున్నాడు. తల చుట్టాడు, చేతులు కట్టాడు, కాళ్ళు కట్టాడు. మనిషంత బొమ్మ. అది చూసి ముందు అమ్మకి అర్థమైంది. మా ఊళ్ళనుంచి రంగం, అంటే రంగూన్, కూలికి వెళ్ళి యుద్ధంలో ఏమయ్యారో తెలియనివాళ్ళు ఎంతోమంది. ఏళ్ళు ఎదురుచూసి, ఇక రారని తెలిశాక, గడ్డిబొమ్మ చేసి దహనం చేసేవాళ్ళు. అమ్మ తండ్రికీ అలాగే చేశారు. జోగయ్య మావే కొరివి పెట్టాడు.

"బావా, ఏటిదీ?" అన్నాడు మావ.

"నా కొడుకు సచ్చిపోనాడు," అన్నాడు అయ్య. "నీ కూతురికి ఇంకో సంబంధం సూసుకో."

తను కొన్న పంచె, చొక్కా బొమ్మకి తొడిగాడు. పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. నడవలేని నన్ను జగ్గమ్మ వచ్చి తన ఇంటికి మోసుకుపోయింది, కలబంద గుజ్జు తెచ్చి వాతలకి రాసింది. ఆవిడ పెరట్లోంచి శ్మశానం కనిపిస్తుంది. నేను గోడకి ఆనుకుని అంతా చూశాను.

నరసింగరావు నలుగుర్ని వెంటబెట్టుకెళ్ళి అడ్డుపడ్డాడు. "జగన్నాధం! బతికున్నోడికి కొరివెట్టకూడదు. ఊరికి అరిష్టం."

"ఎవుడు బతికున్నాడు? సూపించు," అయ్య కేక మా దాకా వినిపించింది. "నలుగుర్ని కన్నాను బావూ. ముగ్గుర్ని ఈ సేతుల్తోనే పాతినాను. ఈడు నాకు కొరివెడతాడనుకున్నాను. నానే ఎడతన్నాను. ఒగ్గీండి."

నరసింగరావు పక్కకి తప్పుకున్నాడు. ఎండుగడ్డి ఎంతసేపు కాలుతుంది? ఒక్క మంట లేచి పడిపోయింది. అయ్య నేల మీద కూలబడి, ఆ బూడిద గుండెలకి రాసుకుంటూ ఏడ్చాడు. నోటిమీద తన్నినవాడూ ఈయనే, నాకోసం ఇలా ఏడుస్తున్నవాడూ ఈయనే. నేను బతికే ఉన్నానయ్యా అని అరవాలనిపించింది. అరవలేదు. ఆయన ఏడుస్తున్నది నాకోసం కాదని తెలుసు. ఎన్నడూ లేని ఆ కొడుకు కోసం నేనూ ఏడ్చాను.

కర్మ అయ్యేదాకా వీధిలో ఆడవాళ్ళు మా అమ్మని పలకరించడానికి వెళ్ళేవాళ్ళు. అమ్మ నిజంగానే ఏడ్చేది. అమ్మ నాకోసం పెరటి గోడ మీద ఆకులో అన్నం పెట్టి వెళ్ళిపోయేది, మాట్లాడేది కాదు. చచ్చినవాడితో మాట్లాడితే అయ్య ఏమైపోతాడో అని ఆవిడ భయం. నా కాళ్ళ పుళ్ళు మానుతుంటే గట్టి వానలు పట్టాయి. అందరి మడులూ ఒక్కసారే తయారయ్యాయి. ఊడ్చే మనిషి దొరకడం కష్టమైపోయింది. అయ్య గుండుతో, కర్మ చేసిన పంచెతో, జగ్గమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"ఆకు ముదిరిపోతన్నాది," అన్నాడు.

"వస్తాం. నా మనుషులందరూ వస్తారు. ఒక్కర్ని తీసీమంటే ఎవరం రాం," అంది జగ్గమ్మ.

అయ్య నేలకేసి చూశాడు. "పనొచ్చినోళ్ళు ఎవులైనా ఒకటే," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను పుట్టినింటి మడిలోకి కూలికి దిగాను. వరసలో చివరి దాన్ని. పుళ్ళల్లో బురద మండుతోంది. చినుకు పడుతోంది. అమ్మ రాగులతో కాచిన చోడంబలి కుండ తెచ్చి అందరికీ పోస్తూ నా దగ్గరికొచ్చింది. నా దొప్పలో పోసింది. నిండినా ఆపకుండా, కారిపోతున్నా ఆపకుండా పోసింది. జగ్గమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కుండ నిలబెట్టింది.

మళ్ళీ వంగాం. అయ్య గట్టు మీద నడుస్తూ మునాలు, మేం నాటిన వరసలు, చూసుకుంటున్నాడు. నా వెనకకి వచ్చి ఆగాడు. దెబ్బ ఎక్కడ పడుతుందో అని కళ్ళు మూసుకున్నాను.

"ఓ గుంటా!" అన్నాడు.

వరసలో చేతులన్నీ ఆగిపోయాయి. మా వైపు గుంట అంటే ఆడపిల్ల.

"నిన్నే. ఆ సివరున్న గుంటా. అంత ఒత్తుగా నాటకు. ఎడంగా ఎయ్యి, పిలకలు రావాల కాదేటి?"

ఆ గొంతులో కోపం లేదు. ప్రేమా లేదు. ఊళ్ళో ఎవరి పిల్లో కూలికొస్తే ఎలా చెబుతాడో అలాగే చెప్పాడు. ఊహ తెలిసిన దగ్గరనుంచీ ఆయన నోట వినాలని నేను ప్రాణం పెట్టుకున్న మాట అది. నన్ను తగలేశాక గాని ఆయనకి రాలేదు. అయ్యా అని పిలిచే హక్కు నాకింక లేదు. కూలివాళ్ళు ఆసామిని ఎలా పిలుస్తారో అలాగే పిలిచాను.

"అలాగే బావూ," అన్నాను.

ఆయన తల ఊపి, పై మడికి నీళ్ళు మళ్ళించడానికి వెళ్ళిపోయాడు. నేను ఎడం పెంచి నాటుకుంటూ వెనక్కి నడిచాను.